ర్యాప్‌లో హాస్య గాంభీర్యాల సంబంధం: చైల్డిష్ గాంబినో ప్రస్థానం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

2018 మే 5 రాత్రి అమెరికన్ నటుడు, రచయిత డొనాల్డ్ గ్లోవర్ ‘సాటర్డే నైట్ లైవ్’ అనే టెలివిజన్ హాస్య కార్యక్రమానికి అతిథి వ్యాఖ్యాతగా వ్యవహరించాడు. వ్యంగ్య నాటికల్లో నటించి నవ్వించిన అతడే, అదే వేదిక మీద ‘చైల్డిష్ గాంబినో’ అనే తన ర్యాప్ పేరుతో ‘దిస్ ఈజ్ అమెరికా’ అనే పాట పాడాడు. ఆ పాట వీడియో కూడా ఆ రాత్రే విడుదలైంది. తుపాకీ హింసనూ, నల్లజాతి ప్రాణానికి అమెరికా కడుతున్న విలువనూ ప్రశ్నించిన ఆ పాట బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో ప్రవేశిస్తూనే మొదటి స్థానం పొందింది. 2019 ఫిబ్రవరిలో దానికి నాలుగు గ్రామీ పురస్కారాలు లభించాయి. వాటిలో ‘రికార్డ్ ఆఫ్ ది ఇయర్’, ‘సాంగ్ ఆఫ్ ది ఇయర్’ పురస్కారాలు ఒక ర్యాప్ పాటకు దక్కడం అదే ప్రథమం.

ఈ పరిణామాన్ని వివరించే కథనాలలో ఎక్కువగా వినిపించేది ఒకటుంది. హాస్యనటుడిగా మొదలైన గ్లోవర్ క్రమంగా హాస్యాన్ని విడిచిపెట్టి గంభీర కళాకారుడిగా ఎదిగాడన్నది దాని సారాంశం. ఈ కథనం వెనుక రెండు ఊహలున్నాయి. హాస్యం, గాంభీర్యం త్రాసులోని రెండు పళ్లేల వంటివని, ఒకటి బరువెక్కితే మరొకటి తేలిపోతుందని మొదటి ఊహ. హాస్యం అపరిపక్వ దశకు, గాంభీర్యం పరిపక్వ దశకు చెందినవని రెండవది. ఈ రెండు ఊహలూ గ్లోవర్ రచనల ముందు నిలవవు. అతడు హాస్యాన్ని తగ్గించలేదు. దాని స్థానాన్ని మార్చాడు. మొదట వక్తను కాపాడే కవచంగా ఉన్న హాస్యం, తరువాత ప్రేక్షకుణ్ణి నిలదీసే సాధనమైంది. ఈ మార్పు స్వరూపాన్ని భారతీయ అలంకారశాస్త్రంలోని రసవిరోధ పరిహార భావన ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

హాస్యం ర్యాప్‌కు పరాయిది కాదు

ర్యాప్ గంభీరమైన నిరసన కళ అని, అందులోకి హాస్యం బయటినుంచి వచ్చి చేరిందని భావించడం చారిత్రకంగా సరికాదు. ర్యాప్‌కు పూర్వరంగంగా పరిశోధకులు పేర్కొనే నల్లజాతి మౌఖిక సంప్రదాయాలలో ‘డజన్స్’ ఒకటి. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి ఒకరినొకరు, ఒకరి కుటుంబాన్నొకరు మాటలతో అవహేళన చేసుకునే ఈ వాగ్వివాదంలో కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టు. గెలుపు చమత్కారానిదే. 1979లో విడుదలై ర్యాప్‌ను విశాల ప్రజానీకానికి పరిచయం చేసిన ‘ర్యాపర్స్ డిలైట్’లోనూ సరసోక్తులు, గొప్పలు, వింత కథలు పుష్కలంగా ఉన్నాయి. ర్యాప్ ప్రదర్శనకు తొలి గ్రామీ పురస్కారం 1989లో డీజే జాజీ జెఫ్, ఫ్రెష్ ప్రిన్స్ జంట పాడిన ఒక హాస్య గీతానికే దక్కింది. అదే సంవత్సరం బిజ్ మార్కీ ‘జస్ట్ ఎ ఫ్రెండ్’ పాటలో తన అపశ్రుతినే నవ్వుకు ఆలంబనం చేసుకున్నాడు.

అయితే నవ్వించిన కళాకారుడు ఆ ముద్రలోనే చిక్కుకుపోయే ప్రమాదం కూడా ఆనాటి నుంచే ఉంది. డి లా సోల్ బృందం 1989లో ‘త్రీ ఫీట్ హై అండ్ రైజింగ్’ ఆల్బమ్‌తో ఉల్లాస కవులుగా పేరుపొందింది. రెండేళ్లకే తమ రెండవ ఆల్బమ్‌కు ‘డి లా సోల్ ఈజ్ డెడ్’ అని పేరు పెట్టవలసి వచ్చింది. తమకు అంటిన ముద్రను వారే చంపుకోవలసి వచ్చిందన్నమాట. నల్లజాతి కళాకారుడి విషయంలో ఈ ముద్రకు మరింత లోతైన చరిత్ర ఉంది. 19వ శతాబ్దపు మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలలో శ్వేతజాతి నటులు ముఖానికి మసి పూసుకుని నల్లవారిని విదూషకులుగా అభినయించారు. 1830ల నుంచి టి. డి. రైస్ ప్రచారంలోకి తెచ్చిన ‘జిమ్ క్రో’ పాత్ర పేరే ఆ తరువాత జాతి వివక్ష చట్టాలకు వాడుక పేరయింది. అందువల్ల నల్లజాతి ప్రదర్శకుడికి నవ్వించడం ఒక స్వేచ్ఛ మాత్రమే కాదు. అతని మీద మోపబడిన పాత్ర కూడా. హాస్య గాంభీర్యాల సమస్య అతనికి అభిరుచికి సంబంధించినది కాదు. తన మాటను ఎదుటివారు నమ్ముతారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

విరోధ పరిహార మార్గాలు

హాస్యానికి కరుణ, భయానకాలు విరోధి రసాలని సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు పేర్కొన్నాడు. అంతకుముందే ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం తృతీయోద్ద్యోతంలో విరుద్ధ రసాలు ఒకే రచనలో పొసగే మార్గాలను నిరూపించాడు. వాటిలో మూడు ఈ చర్చకు ఉపకరిస్తాయి. విరుద్ధ రసాలను వేర్వేరు పాత్రలలో నిలపడం మొదటిది, ఇది ఆశ్రయభేదం. రెండింటి నడుమ వేరొక రసాన్ని ప్రవేశపెట్టడం రెండవది, ఇది వ్యవధానం. ఒక రసాన్ని ప్రధానంగా నిలిపి, మరొకదాన్ని దానికి లోబరచడం మూడవది; ఇది అంగాంగిభావం. ఈ మూడింటిలో ఎక్కడా రెండు రసాలను సమానంగా తూచే ప్రసక్తి లేకపోవడం గమనించదగినది. ఆనందవర్ధనుడి దృష్టిలో ప్రశ్న పరిమాణానిది కాదు, ప్రాధాన్యానిది.

ప్రదర్శన కళలలో ఆశ్రయభేదానికి తెలుగు పాఠకులకు సుపరిచితమైన ఉదాహరణ బుర్రకథ. కథకుడు కథ నడుపుతాడు. ఇద్దరు వంతలలో ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు రాజకీయం చెబుతారు. నవ్వించే నోరు, విమర్శించే నోరు వేరు కావడంవల్ల కథకుడి వీర, కరుణ రసాలకు భంగం కలగదు. ర్యాప్‌కు, బుర్రకథకు చారిత్రక సంబంధం లేదు. కాని బుర్రకథలో ముగ్గురు పంచుకునే పనిని ర్యాపర్ ఒక్కడే ఒకే గొంతుతో చేయవలసి ఉంటుందన్న పోలిక సమస్యను స్పష్టం చేస్తుంది. ఎమినెమ్ దీనికి వెతుక్కున్న పరిష్కారం కూడా ఆశ్రయభేదమే. 1999 నాటి ‘ది స్లిమ్ షేడీ ఎల్‌పీ’, 2000 నాటి ‘ది మార్షల్ మాథర్స్ ఎల్‌పీ’, 2002 నాటి ‘ది ఎమినెమ్ షో’ అనే మూడు ఆల్బమ్‌ల పేర్లు ఒకే మనిషి మూడు వేషాలను సూచిస్తాయి. వికటహాస్యం స్లిమ్ షేడీది. సొంత గాయాలు మార్షల్ మాథర్స్‌వి. వంతలను పక్కన నిలుపుకొనే అవకాశం లేనివాడు తనలోనే వంతలను కల్పించుకున్నాడు.

‘క్యాంప్’: కవచంగా హాస్యం

గ్లోవర్ 1983లో జన్మించి, జార్జియా రాష్ట్రంలోని స్టోన్ మౌంటెన్‌లో పెరిగాడు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో నాటక రచన చదివి 2006లో పట్టభద్రుడయ్యాడు. వెంటనే ‘30 రాక్’ అనే హాస్య ధారావాహికకు రచయితగా చేరాడు. 2009లో ‘కమ్యూనిటీ’ ధారావాహికలో ట్రాయ్ అనే పాత్రతో నటుడిగా ప్రసిద్ధుడయ్యాడు. ఆ ధారావాహిక రెండవ భాగం చివర ట్రాయ్, అతని మిత్రుడు అబేద్ వచ్చీరాని స్పానిష్ మాటలతో ర్యాప్ పాడతారు. ప్రేక్షకలోకానికి గ్లోవర్ ర్యాప్ హాస్యంగానే అలవాటైందనడానికి ఈ సన్నివేశం నిదర్శనం. ‘చైల్డిష్ గాంబినో’ అనే పేరు కూడా గంభీరమైన ఆలోచన నుంచి పుట్టలేదు. వూ-టాంగ్ క్లాన్ బృందం తరహాలో పేర్లు కల్పించే ఒక అంతర్జాల సరదా నుంచి అతడు దాన్ని తీసుకున్నాడు.

2011 నవంబరులో వచ్చిన ‘క్యాంప్’ ఆల్బమ్‌లో వస్తువు గంభీరమైనదే. బాల్యంలోని లేమి, దూరమైన బంధువులు, నల్లవారి మధ్య పరాయితనం, తెల్లవారి మధ్య మరో రకం పరాయితనం ఇందులోని పాటలకు ఆధారం. కాని ఈ వస్తువును మోసే పద్ధతి పంచ్‌లైన్. పాదాంతంలో ఒక మాటను ఎదురుచూడని అర్థంలోకి తిప్పి నవ్వు రాబట్టే ఈ ఉక్తి విశేషం శ్లేషకు దగ్గరి చుట్టం. ‘బాన్‌ఫైర్’ వంటి పాటలలో ఇవి ఊపిరాడనంత దట్టంగా వస్తాయి. అవమానం చెప్పిన వెంటనే చమత్కారం. శ్రోతలో జాలి అంకురించే లోపే నవ్వు. గాయపడినవాడు, గాయాన్ని ఎగతాళి చేసేవాడు ఒక్కడే, ఒకే ఊపిరిలో. ఇక్కడ ఆశ్రయభేదం లేదు, వ్యవధానం లేదు, అంగి ఏదో తేలలేదు. హాస్యం కరుణను ఆపుతుంది. కరుణ హాస్యాన్ని అనుమానాస్పదం చేస్తుంది. పిచ్‌ఫోర్క్ సంగీత పత్రిక ఈ ఆల్బమ్‌కు 10కి 1.6 మాత్రమే ఇచ్చింది. ఆ తీర్పు మితిమీరిన కాఠిన్యంతో కూడినదే అయినా, సమీక్షకుడికి కలిగిన అసౌకర్యానికి మూలం రచనలోనే ఉంది. లోపం హాస్యం ఉండటం కాదు; ఆ హాస్యం వక్తను కాపాడే పనిలో మాత్రమే ఉండటం.

అయితే ఈ ఆల్బమ్ చివరి భాగమే తరువాతి మార్గాన్ని సూచిస్తుంది. ‘దట్ పవర్’ పాట ముగిశాక గ్లోవర్ వచనంలో ఒక కథ చెబుతాడు. వేసవి శిబిరం నుంచి తిరిగివస్తున్న బస్సులో ఒక బాలుడు ఒక బాలికకు తన మనసు విప్పి చెబుతాడు. ఆ మాటలు ఆమె ద్వారా ఇతరులకు చేరి అతడు నవ్వులపాలవుతాడు. ఇందులోనూ నవ్వుంది, కాని అది కథలోని పిల్లల నవ్వు. శ్రోత నవ్వడు, నవ్వే గుంపును వింటాడు. హాస్యానికి ఆశ్రయం మొదటిసారి మారింది.

‘బికాజ్ ది ఇంటర్నెట్’: హాస్యం వస్తువుగా

2013 డిసెంబరులో వెలువడిన ‘బికాజ్ ది ఇంటర్నెట్’ ఆల్బమ్‌తో పాటు గ్లోవర్ 72 పుటల స్క్రీన్‌ప్లేను కూడా విడుదల చేశాడు. అందులోని ప్రధాన పాత్రకు ‘ది బాయ్’ అన్నదే పేరు. ధనికుడైన తండ్రి భవంతిలో ఏ పనీ లేకుండా బతుకుతూ, ముక్కూ మొహం తెలియనివారిని అంతర్జాలంలో ఆటపట్టించడం అతని కాలక్షేపం. ‘క్యాంప్’లో కవి చేసిన పనిని ఇక్కడ పాత్ర చేస్తుంది. నవ్వు ఒక రచనారీతిగా గాక, రచన పరీక్షించే వస్తువుగా మారింది. ఎవరినీ నమ్మలేనివాడు అందరినీ ఎగతాళి చేస్తాడన్న సంగతి శ్రోతకు అందుతుంది. ఈ ఆల్బమ్‌లోని ‘3005’ పాట వీడియో మరొక సూచన ఇస్తుంది. తిరిగే రంగులరాట్నంలో గ్లోవర్‌తో పాటు ఒక పెద్ద ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది. చక్రం తిరిగేకొద్దీ ఆ బొమ్మ ఎవరి చేయీ పడకుండానే చిరిగి శిథిలమవుతుంది. మొదట నవ్వు పుట్టించే వస్తువే చివరకు భయానికి విభావమైంది.

2016 డిసెంబరు నాటి ‘అవేకెన్, మై లవ్!’లో ర్యాప్ దాదాపు లేదు, పంచ్‌లైన్ లేదు. 1970ల నాటి ఫంక్ సంగీత ఛాయలో సాగే గానమే ఉంది. గ్లోవర్ హాస్యాన్ని త్యజించాడన్న వాదానికి ఇదే ప్రధాన ఆధారం. కాని అదే సంవత్సరం సెప్టెంబరులో అతడు సృష్టించిన ‘అట్లాంటా’ ధారావాహిక మొదలైందన్న సంగతిని ఆ వాదం మరచిపోతుంది. హాస్యం మాయం కాలేదు. వేరొక రూపంలో సాధన పొందుతూ ఉంది. ఆనందవర్ధనుడి పరిభాషను ఒక కృతి నుంచి కళాకారుడి ప్రస్థానానికి విస్తరించి వాడితే, ఈ ఆల్బమ్‌ను వ్యవధానంగా గుర్తించవచ్చు. పంచ్‌లైన్ కవికీ, ‘దిస్ ఈజ్ అమెరికా’ కవికీ నడుమ శృంగార ప్రధానమైన ఈ గానం అడ్డుతెరలా నిలిచింది.

‘అట్లాంటా’: గాంభీర్యమూ వేషమే

‘అట్లాంటా’ హాస్య ధారావాహికల విభాగంలో పురస్కారాలు పొందిన రచన. 2017లో గ్లోవర్‌కు ఉత్తమ హాస్య దర్శకుడిగా, ఉత్తమ హాస్య నటుడిగా ఎమ్మీ పురస్కారాలు లభించాయి. ఆ దర్శకత్వ పురస్కారం పొందిన తొలి నల్లజాతి కళాకారుడు అతడే. ఇందులో గ్లోవర్ ర్యాపర్ పాత్ర ధరించలేదు. ‘పేపర్ బోయ్’ పేరుతో పాడే ఆల్ఫ్రెడ్ అనే బంధువుకు వ్యవహారకర్తగా ఉండే ఎర్న్ పాత్ర అతనిది. ఆల్ఫ్రెడ్‌కు ఒక కాల్పుల ఘటన తరువాత పేరు పెరుగుతుంది. అతని పాటలో ఏముందో ఎవరికీ పట్టదు. తుపాకీ పేల్చినవాడన్న వార్త చాలు, లోకం అతన్ని ‘నిజమైన’ ర్యాపర్‌గా గౌరవించడానికి, భయపడడానికి. గ్లోవర్ ఇక్కడ తన సమస్యనే తలకిందులు చేసి చూపాడు. నవ్వించే నల్లవాణ్ణి నమ్మని లోకం, భయపెట్టే నల్లవాణ్ణి పరీక్షించకుండానే నమ్ముతుంది. విదూషకుడి వేషం ఎలా మోపబడిందో, గంభీరుడి వేషమూ అలాగే మోపబడింది. కనుక ఒకదాన్ని విప్పి మరొకదాన్ని తొడుక్కోవడం విముక్తి కాదు.

2018 ఏప్రిల్‌లో ప్రసారమైన ‘టెడ్డీ పర్కిన్స్’ భాగంలో గ్లోవర్ స్వయంగా పాలిపోయిన తెల్లని ముఖంతో ఒక ఏకాంత సంగీతకారుడి పాత్ర ధరించాడు. మిన్‌స్ట్రెల్ వేషానికి ఇది విలోమరూపం. ఆ ఆహార్యం, ఆ నాజూకు గొంతు మొదట నవ్వు తెప్పిస్తాయి. అదే ఆహార్యం క్రమంగా భయానకమవుతుంది. అభినవగుప్తుడు అనౌచిత్యాన్ని హాస్యానికి మూలంగా చెప్పాడు. ఆ అనౌచిత్యానికి కారణం తెలిసేకొద్దీ హాస్యం కరిగి వేరొక రసంగా పరిణమిస్తుందని ఈ భాగం నిరూపిస్తుంది. ‘దిస్ ఈజ్ అమెరికా’ వెలువడింది దీనికి సరిగ్గా నెల తరువాత.

‘దిస్ ఈజ్ అమెరికా’: అంగహాస్యం

హిరో మురాయ్ దర్శకత్వం వహించిన ఈ వీడియో దాదాపు నాలుగు నిమిషాలది. ఖాళీ గిడ్డంగిలో చొక్కా లేని గ్లోవర్ నాట్యం చేస్తూ వస్తాడు. కళ్లు చిట్లిస్తాడు, పెదవులు సాగదీస్తాడు, నడుము వంకరగా నిలుపుతాడు. హాస్యానికి శాస్త్రం చెప్పిన వికృతాంగ చేష్టలన్నీ ఇక్కడ ఉన్నాయి. ఆ చేష్టల మధ్యనే అతడు తుపాకీ తీసి, తలకు ముసుగు కప్పిన ఒక మనిషిని వెనుకనుంచి కాలుస్తాడు. కాల్చేటప్పటి భంగిమ పాత జిమ్ క్రో చిత్రాలను తలపిస్తుందని పలువురు విమర్శకులు గుర్తించారు. తుపాకీని ఎర్రని గుడ్డలో జాగ్రత్తగా అందుకుంటారు, శవాన్ని ఈడ్చుకుపోతారు. నాట్యం ఆగదు. కొంతసేపటికి ఆనందంగా పాడుతున్న గాయక బృందాన్ని అతడు కాల్చివేస్తాడు. 2015లో చార్లెస్టన్ చర్చిలో జరిగిన తొమ్మిది మంది హత్యను ప్రేక్షకులు ఇందులో గుర్తుపట్టారు. పాఠశాల దుస్తుల్లోని పిల్లలు ముందు నాట్యమాడుతుంటే, వెనుక అల్లర్లు సాగుతుంటాయి.

ఈ రచనలో అంగిరసం హాస్యం కాదు, భయానకమో బీభత్సమో. అయినా హాస్యాన్ని తొలగిస్తే ఆ అంగిరసం నిలవదు. ప్రేక్షకుడి పెదవి మీద స్మితం మొదలవుతుంది. అది హసితం కాకమునుపే తుపాకీ పేలుతుంది. తాను దేన్ని చూసి నవ్వబోయాడో ప్రేక్షకుడికి అప్పుడు తెలుస్తుంది. తిరిగి నాట్యం మొదలుకాగానే అతని చూపు మళ్లీ నాట్యం వైపే పోతుంది. వెనుక జరుగుతున్న హింసను అతడు గమనించలేడు. గమనించలేదని రెండవసారి చూసినప్పుడు గ్రహిస్తాడు. జుగుప్సకు ఆలంబనం హంతకుడు మాత్రమే కాదు; నాట్యానికి మురిసిన తన చూపు కూడా. ‘క్యాంప్’లో హాస్యం శ్రోతకు, గాయానికి మధ్య అడ్డుగోడ. ఇక్కడ అది గాయం దాకా తీసుకుపోయే దారి. చివరి దృశ్యంలో గ్లోవర్ చీకటిలో, వెంటాడేవారి నుంచి పారిపోతుంటాడు. అప్పుడు ముఖంలో వికారం లేదు, భయం ఉంది. ఆ ముఖం అంతవరకూ నవ్వు వెనుకనే ఉన్నదన్న ఎరుక అంతకుముందరి చేష్టలన్నింటికీ కొత్త అర్థం ఇస్తుంది.

తెలుగు విమర్శకు ఈ సమస్య కొత్తది కాదు. ‘కన్యాశుల్కం’ చూసినవారు గిరీశం మాటలకు ఈనాటికీ నవ్వుతారు. ఆ నాటకాన్నే శ్రీశ్రీ బీభత్సరస ప్రధానమైన విషాదాంత నాటకంగా నిర్ణయించాడు. ఆ నిర్ణయాన్ని అంగీకరించినా లేకున్నా, అది లేవనెత్తిన ప్రశ్న విలువైనది: ఒక రచన ఎంతగా నవ్వించిందన్నది కాదు, ఆ నవ్వు దేనికి లోబడి ఉన్నదన్నదే దాని రసాన్ని నిర్ణయిస్తుంది.

ఈ సాధన గ్లోవర్‌కే పరిమితం కాదు. నైజీరియన్ ర్యాపర్ ఫాల్జ్ న్యాయశాస్త్రం చదివినవాడు. యోరుబా యాసతో కూడిన ఇంగ్లీషును వినోదంగా పలికి హాస్య ర్యాపర్‌గా పేరు తెచ్చుకున్నాడు. 2018 మే నెలలోనే అతడు గ్లోవర్ పాటకు ప్రతిరూపంగా ‘దిస్ ఈజ్ నైజీరియా’ పాడి తన దేశంలోని అవినీతిని, హింసను విమర్శించాడు. హాస్య ముద్ర ఉన్న కళాకారుడే ఆ నిర్మాణాన్ని అంది పుచ్చుకోవడం గమనార్హం.

పరిమితులు

ఈ ప్రతిపాదనకు కొన్ని అభ్యంతరాలు సహజం. ‘దిస్ ఈజ్ అమెరికా’ బలం అధికంగా దృశ్యానిదే. పాటను మాత్రమే వింటే అంగహాస్యం సగం కూడా అందదు. మురాయ్ దర్శకత్వం, షెర్రీ సిల్వర్ కూర్చిన నాట్యం లేకుండా గ్లోవర్ పదాలు మాత్రమే ఈ ఫలితాన్ని సాధించలేవు. కనుక దీన్ని ర్యాప్ విజయం అనడంకన్నా, ర్యాప్ కేంద్రంగా గల సమాహార కళ విజయం అనడం ఉచితం. రెండవది మరింత కఠినమైన అభ్యంతరం. నల్లవారి మరణాన్ని మళ్లీ మళ్లీ దృశ్యంగా చూపడం కూడా ఒక రకమైన వినోదమే కదా అన్నది అది. ఆ ప్రమాదం రచనలో ఉంది. నాట్యాన్ని మాత్రమే చూసి సంతోషించే ప్రేక్షకుణ్ణి ఈ వీడియో విమర్శిస్తుంది గాని, అతన్ని ఆపలేదు. హాస్యాన్ని సాధనంగా ఎంచుకున్న ఏ రచనకైనా ఈ ముప్పు తప్పదు. అంగమైన హాస్యాన్నే అంగిగా గ్రహించి తృప్తిపడే ప్రేక్షకుడు ఎప్పుడూ ఉంటాడు.

ముగింపు

2024 జూలైలో విడుదలైన ‘బ్యాండో స్టోన్ అండ్ ది న్యూ వరల్డ్’ చైల్డిష్ గాంబినో పేరుతో తన చివరి ఆల్బమ్ అని గ్లోవర్ ప్రకటించాడు. సరదాగా తీసుకున్న పేరును అతడు చివరివరకూ మార్చుకోలేదు. గంభీరమైన పాటకు గంభీరమైన పేరు కావాలని అతడు భావించకపోవడం ఈ వ్యాస ప్రతిపాదనకు అనుకూలమైన సాక్ష్యం. హాస్య గాంభీర్యాల మధ్య ‘సమతూకం’ సాధించడమన్నది ఈ ప్రస్థానాన్ని వివరించడానికి చాలని మాట. ఆశ్రయం మారింది, వ్యవధానం ఏర్పడింది, చివరకు అంగాంగిభావం కుదిరింది.

ప్రదర్శన కళల విమర్శలో హాస్యం లేకపోవడాన్ని గాంభీర్యానికి రుజువుగా స్వీకరించే అలవాటును ఈ పరిశీలన సంశయించేలా చేస్తుంది. హాస్య ముద్రతో మొదలైన కళాకారులను అంచనా వేసేటప్పుడు నవ్వు తగ్గిందా అని కాక, ఆ నవ్వు ఎవరిది, ఎవరి మీద, దేని కోసం అని విచారించవలసి ఉంటుంది. బుర్రకథ హాస్య వంతను కథకుడి పక్క వాద్యంగా కాక, రసనిర్వహణలో భాగస్వామిగా అధ్యయనం చేయడానికి కూడా ఈ ప్రశ్నలే తగిన ప్రాతిపదిక కాగలవు.